సెరువు కాదు, గొయ్యి

కూకోయే గుంటా, నా మనవరాలా. ఆ ఫోను పక్కనెట్టి సరిగ్గా ఇని రాయి. నా మాట సదును సెయ్యకు.

నన్ను టెక్కలి ఆసుపత్రి నుంచి నందిగాం పక్క సబ్‌సెంటరుకి ఏ.ఎన్.ఎం.గా ఏసిన యేడు, శివరాత్రి ఎల్లిన వారం. ఏ.ఎన్.ఎం. అంటే ఊరూరా తిరిగి టీకాలేసి, కడుపుతో ఉన్నోళ్ళని సూసే నర్సు. టీకాల పెట్టెలో అయిసు కరిగేలోగా ఊరు సేరాల. అందుకని రోడ్డొదిలేసి పాత గ్రానైటు క్వారీ మీంచి అడ్డదారిన నడిసీదాన్ని. రాయిలో గీతలొచ్చాయని కంట్రాక్టరు ఎప్పుడో ఒగ్గేసి ఎలిపోనాడు. తుప్పట్టిన క్రేను, కప్పు నేని మందుగుండు గది, నంబర్లేసొదిలేసిన బండలు, మద్దిన తాటిసెట్టంత లోతు గొయ్యి. వానలకి నిండితే ఊరోళ్ళు దాన్ని సెరువన్నారు.

ఆ రోజు నాను వొచ్చీసరికి కేకలు. కంచిలి నుంచి కొత్తగా కాపరానికొచ్చిన పార్వతి, ఐదో నెల కడుపుతో ఉంది, అత్తతో బట్టలుతకడానికొచ్చింది. సెరువే కదా అని రెండో అడుగేసింది. అక్కడ అడుగు నేదు, నిలువునా కోసేసిన రాయి. మునిగిపోనాది. అత్త సేతిలో సీర ఇసిరింది. ఇద్దరం లాగినాం. పక్కకి తిప్పితే నీళ్ళు కక్కింది, నాడి దొరికింది.

అత్త కోడలి తల తుడుస్తానే తిట్టింది: "సెరువులో దిగడం కూడా రాందాన్ని అంటగట్టినారు మాకు."

"సెరువుకి గట్టుంటాది, దిగుడుంటాది. ఇదేటి సెరువు?" అన్నాను.

పార్వతిని టెక్కలి ఆసుపత్రికి తీసికెల్తే కడుపులో బిడ్డ గుండె కొట్టుకుంటందన్నారు, ఆ తరవాత నాకు అసలు కోపం వొచ్చింది. కంచె ఏయించమని పలాసలో కంట్రాక్టరు సూపర్‌వైజరింటికి ఎల్నాను. జీడిపప్పు నముల్తా సెప్పినాడు: "క్వారీ అయితే కంచె మాది. మీ ఊరోళ్ళే సెరువంటన్నారు కదమ్మా, సెరువుకి కంచె ఎవడేత్తాడు?"

ఓలమ్మా, మన నోటితోనే మనల్ని కొట్టినాడు.

ఇంక ఇంటింటికీ తిరిగినాను. సెరువన్నోళ్ళ సేత గొయ్యి అనిపించీదాకా గుమ్మం దిగీదాన్ని కాను. ఆడోళ్ళందరం మండలాఫీసుకి ఎల్నాం. ఏ సెరువని ఆఫీసరడిగితే పార్వతి అత్తే ముందుకొచ్చింది: "సెరువు నేదు బాబూ. నా కోడల్ని మింగబోయిన గొయ్యుంది."

కంచె ఏసినారు. రోడ్డు మీంచి కనబడే పక్క మాత్రమే. మిగిలిన మూడు పక్కలూ ఇప్పటికీ బోడి.

ఉద్యోగంలో నాను నేర్సుకున్నది ఇదే. జొరాన్ని జొరమనాల, గోతిని గొయ్యనాల. మెత్తటి పేరెడితే తప్పు సేసినోడు దాని ఎనకే దాక్కుంటాడు. మరి ఆ సూపర్‌వైజర్ని ఏటనాలంటే, ఉన్నదున్నట్టు రాసుకో, ఆడొక... ఆ, వత్తన్నానే కోడలా, కంచంలో అన్నం ఎట్టీ.