పిక్క పండినచోటే పప్పు

ఈ మార్చిలో ఒక ఆదివారం, అమెరికాలో, క్యారీ అనే ఊళ్లోని మా తెలుగు చర్చిలో ఆరాధన ముగిశాక పాస్టర్ గారు మైకు వదల్లేదు. "మన ఆంటీ ఈ తెల్లవారుజామున ప్రభువునందు నిద్రించారు" అన్నారు. క్యాన్సర్ అని అందరికీ తెలుసు. అయినా ఆ రోజు భోజనాలు వడ్డించడానికి ఎవరూ లేవలేదు.

నేను ఎం.ఎస్. చదవడానికి వచ్చిన కొత్తలో, కారు లేని నన్ను వారం వారం చర్చికి తీసుకెళ్లింది ఆవిడే. తర్వాత డ్రైవింగ్ నేర్పిందీ ఆవిడే. సొంత ఊరు పలాస. వాళ్లమ్మ జీడిపిక్కలు కొట్టే పనిచేసి ఆవిణ్ణి చదివించింది. ఫుడ్ ఇంజినీరై, పేద దేశాలకు అమెరికా ఇచ్చే సాయంతో ప్రాజెక్టులు నడిపే ఒక కంపెనీలో చేరారు. ఎవరింట్లో పాయసం పెట్టినా ముందు జీడిపప్పు పైకి తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, "మా ఊరిది కాదు" అని తేల్చేవారు.

ఒకసారి ఆవిడకు గాంబియా ప్రాజెక్టు వచ్చింది. ఆఫ్రికాలో చాలా చిన్న దేశం. అక్కడ జీడి పండుతుంది గాని, పిక్కలు పిక్కలుగానే ఓడలెక్కి మన దేశం వచ్చేస్తాయి. పప్పు తీసే పని, లాభం మనవాళ్లవి. ఆ పని అక్కడి ఆడవాళ్లకే నేర్పి, ఒక చిన్న ఫ్యాక్టరీ పెట్టించాలి. "ముద్ద పెట్టడం వేరురా, పొయ్యి పెట్టించడం వేరు" అనేవారు.

చిక్కేమిటంటే, పలాసలో ఆవిడ తమ్ముడిదీ జీడి ఫ్యాక్టరీయే. ఆఫ్రికా పిక్కల మీదే నడిచేది. ఒకరోజు కారులో స్పీకర్‌లో, అక్కను 'అప్పా' అని పిలిచే ఆయన గొంతు విన్నాను.

"మా పొట్టలు కొట్టడానికేనేటి అప్పా నువ్వు సదువుకున్నావు?"

"అమ్మలాంటోళ్లు అక్కడా ఉన్నార్రా."

"మరి ఇక్కడున్నోళ్లో?"

ఆంటీ కాల్ కట్ చేశారు. చర్చి పార్కింగ్‌లో ఇంజిన్ ఆపాక కూడా స్టీరింగ్ వదల్లేదు. "వాడన్నది తప్పు కాదు" అన్నారు చివరికి. "అయినా నేను వెళ్తాను."

వెళ్లారు. ఆడవాళ్ల పక్కన కూర్చుని పిక్క కొట్టడం నేర్పారు. ఫ్యాక్టరీ నడిచింది. అక్కడ తీసిన మొదటి పప్పు తెచ్చి చర్చిలో పంచినప్పుడు ఆవిడ ముఖంలో చూసిన సంతోషం మళ్లీ నేను చూడలేదు. తర్వాత ప్రాజెక్టు గడువు ముగిసింది. పొడిగిస్తారనుకున్నది పొడిగించలేదు. పిక్కలు కొనే పెట్టుబడి లేక ఫ్యాక్టరీ మూతపడింది.

"లాస్ట్ రిపోర్ట్‌లో సక్సెస్ అని రాయమంటున్నారు కంపెనీవాళ్లు" అన్నారు, నాకు అన్నం వడ్డిస్తూ.

"రాసేయండి ఆంటీ. నెక్స్ట్ ప్రాజెక్ట్ వస్తుంది కదా."

"ఆ ఆడవాళ్లు ఇంటికెళ్లిపోయారురా. ఎలా రాయను?"

మూతపడిందనే రాశారు. మరో ప్రాజెక్టు ఆవిడకు రాలేదు. జబ్బు బయటపడేదాకా ఆ ఫ్యాక్టరీ కోసం ఎవరెవరికో ఫోన్లు చేస్తూనే ఉన్నారు. తమ్ముడితో మాత్రం మాటలు పోయాయి.

సమాధి రోజుకు ఆయనకు వీసా అందే వ్యవధి లేదు. వీడియో కాల్ పెట్టి, ఫోన్ పట్టుకుని పెట్టె పక్కన నిలబడ్డాను.

"అప్ప మొకం ఓసారి దగ్గరగా చూపించు బాబూ."

చూపించాను. అక్కడ పొద్దుగూకింది. ఆయన వెనక, ఫ్యాక్టరీ గేటు లైటు కింద ఒక లారీ ఆగి ఉంది. ఆఫ్రికా నుంచి ఓడ దిగి వచ్చిన జీడిపిక్కల గోనెలను కూలీలు ఒక్కొక్కటిగా వీపున మోసుకుంటూ లోపలికి తీసుకెళ్తున్నారు.