వాగులో చిట్లిన డైపర్

మా పాపకు రెండేళ్ళు నిండిన వేసవిలో సాలూరు నుంచి అరకు వెళ్ళాం. ఫొటోల కోసం ఆన్‌లైన్‌లో కుచ్చుల స్విమ్‌సూట్ తెప్పించాను. నీళ్ళు పాడుచేస్తుందేమోనని లోపల మామూలు డైపర్ వేసి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

బండల మీద పారే వాగులో కూర్చోబెట్టిన పది నిమిషాలకే డైపర్ గుమ్మడికాయలా ఉబ్బింది. పాప దొడ్డికి కూడా వెళ్ళింది. బిగుసుకుపోయిన స్విమ్‌సూట్ లాగబోతే డైపర్ చిట్లి, మలం కలిసిన జిగురు గుజ్జంతా నీళ్ళలోకి జారింది. 

కాస్త దిగువన వాగు పక్క ఊరి ఆవిడ బిందె ముంచుతోంది.

"ఇవి మేం తాగే నీళ్ళమ్మా," అంది, నిండిన బిందె ఒంపేసి పాప వైపు చూస్తూ. "సంటి గుంటకి ఇన్ని తొడుగులేటి? ముందు దూరంగా కూకోబెట్టి, పని అయ్యాక పల్చటి నూలు సెడ్డీ ఏసి దించాల."

"తప్పయిపోయిందమ్మా," అంటూనే, చేతులకు అంటిన గుజ్జు కడుక్కోవడానికి మళ్ళీ అదే వాగులోకి వంగాను.

ఆవిడ ఖాళీ బిందె చంకనెత్తుకుని ఎగువకు నడిచింది.

ఇప్పుడు పాపకు నూలు చెడ్డీయే. కానీ డైపర్ చిట్లకముందు తీసిన ఫొటోలో నవ్వుతున్న నా మొహం చూస్తే ఇప్పటికీ నాకే రోత పుడుతుంది.

— ఓ పాఠకురాలు, సాలూరు