సోమ్లి పెద్దమ్మ, తనిఖీలో కనబడని పొగ

మహబూబాబాద్‌లోని మా వార్డు ఇండోర్ మార్కెట్‌పై అధికారం కలిగినవారికి, కలిగి ఉండీ ఆ సంగతి గుర్తులేనివారికి, సవినయంగా తెలియజేయునది:

సోమ్లి పెద్దమ్మ నిన్న ఉదయం దవాఖానలో కన్నుమూసింది.

అమ్మ ఫోన్ చేసింది. "సోమ్లక్క పోయింది బిడ్డా. ఊపిరి ఆడలే."

నేనడిగిన మొదటి మాట: "మరి రొట్టెలెవలు చేస్తున్నరు?"

షాక్‌లో నోటికి వచ్చింది అదే. క్షమించగలరు.

తెలియనివారి కోసం: పెద్దమ్మ గూడూరు దగ్గరి తండా నుంచి రోజూ బస్సులో వచ్చి జొన్నరొట్టెలు అమ్మేది. మా అమ్మ మిర్చీలు వేస్తుంది. ఇద్దరికీ కలిపి ఒకే సిమెంటు గద్దె, దాని మీద రెండు కట్టెల పొయ్యిలు. పైన రేకులు, చుట్టూ గోడలు. పొగ బయటికి పోవడానికి ప్లాన్‌లో దారి చూపలేదు.

కనుక అది వాళ్లిద్దరి లోపలికి పోయేది.

"నీ కడాయి నా జాగలకొచ్చింది, కిరాయి కట్టు" అనేది పెద్దమ్మ.

"నీ దగ్గు నా పిండిల పడ్తాంది, ముందుగాల నువ్వే కట్టు" అనేది అమ్మ.

రొట్టె మందంగా ఉందన్న ఒక కస్టమర్‌కు పెద్దమ్మ ఇచ్చిన జవాబు: "సన్నగ గావాల్నంటే కాయితం తిను సారూ." ఆయన మర్నాడూ వచ్చాడు.

పొగగొట్టం కావాలని ఇద్దరి తరఫునా అప్లికేషన్ రాసింది నేనే. భాష చాలా బాగా కుదిరింది.

చాలాకాలానికి ఇన్‌స్పెక్షన్‌కు ఒక సార్ వస్తున్నారని కబురొచ్చింది.

ఆ పొద్దున అమ్మ అగ్గిపెట్టె తీయగానే పెద్దమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఇయ్యాల పొయ్యి ముట్టియ్యకు. సారు కండ్లు మండుతయ్, పాపం."

గద్దె కడిగారు. ముగ్గు వేశారు. సార్ కోసం పెద్దమ్మ ఇంట్లోనే రొట్టెలు చేసి, గుడ్డలో చుట్టి తెచ్చింది. ఇంటికి వచ్చిన మనిషిని పొగలో కూర్చోబెట్టడం వాళ్లకు తెలియదు.

గోడ మీది మసి తుడిచింది నేను. ఎం.ఏ. చదివినవాణ్ని.

సార్ రొట్టె తిన్నారు, బాగుందన్నారు. రేకుల వైపు చూసి రాసుకున్నారు: "తనిఖీ సమయంలో పొగ కనబడలేదు. ఫైలు మూసివేయడమైనది."

ఆయన ఒక్క అక్షరం అబద్ధం రాయలేదు.

అందుకే ఎవరినీ తిట్టలేకపోతున్నాను.

ఎల్లుండి నుంచి అమ్మ మళ్లీ అదే గద్దె మీద కూర్చుంటుందట. వద్దన్నాను.

"జాగ ఖాళీగుంటే ఇంకొకలు కూసుంటరు. నేనేడికి పోవాలె బిడ్డా?" అని, దగ్గింది.

చాలాసేపు దగ్గింది. పెద్దమ్మకు కూడా అట్లాగే మొదలైంది.

కావున ఈ క్రింది డిమాండ్లు లాంఛనంగా దాఖలు చేయడమైనది.

1. సోమ్లి పెద్దమ్మ చేరిన చోటు ఎవరి పరిధిలోనిదైనా సరే, ఆమెకు శాంతిని, ధారాళమైన గాలిని వెంటనే మంజూరు చేయాలి. పోయిరా పెద్దమ్మా.

2. మార్కెట్ రేకులకు ఒక్క రంధ్రం చేయాలి. గడువు: మా అమ్మ బతికి ఉండగా.