బెల్లం పెనం పడవ

మా అమ్మను మేము అవ్వ అనేవాళ్ళం, నాన్నను బాపు అని. పందొమ్మిది వందల అరవైల్లో, నాకు పదమూడేళ్ళప్పుడు, ఆమె మంచం పట్టింది. దవాఖానాలో ఇంటికి తీసుకుపొమ్మన్నారు. వచ్చిన నాటి నుంచి ఆమెది ఒకటే మాట.

“ఒక్కపారి మా అవ్వను సూడాలె.”

అమ్మమ్మ ఊరు ఎడపల్లి అవతల. అమ్మమ్మకు చూపు లేదు, తను రాలేదు. బండి కట్టి బయలుదేరాం కానీ ఆ గుంతల బాటలో ప్రతి కుదుపుకూ అవ్వ పళ్ళు బిగబట్టి ఏడ్చింది. పొలిమేర దాటకుండానే వెనక్కి తిప్పాం.

అప్పుడు బాపుకు బెల్లం వండే పెనం గుర్తొచ్చింది. చెరకంతా ఫ్యాక్టరీకి తోలడం మొదలయ్యాక ఆ పెద్ద ఇనుప పెనం పశువుల కొట్టం వెనక బోర్లా పడి ఉండేది. వాగు పొంగినప్పుడు మావాళ్ళు అందులోనే కూర్చుని దాటేవాళ్ళు. నిజాం కాలంలో తవ్విన పెద్ద కాలువ మా చేను పక్క నుంచి అమ్మమ్మ ఊరి వైపే పోతుంది. బాపు పెనాన్ని కాలువలో దింపి, గడ్డి పరిచి, అవ్వను పడుకోబెట్టాడు. మోకు కట్టి గట్టు మీద మా ముసలి ఎద్దుకు తగిలించాడు. పెనంలో ఆమె పక్కనే కూర్చుని, గట్టుకు తగలకుండా కర్రతో తోయడం నా పని.

ఎద్దు పది అడుగులేసి ఆగింది. ఎంత అదిలించినా కదలదు. బుద్ధెరిగినప్పటి నుంచి అది చెరకు గానుగే తిప్పింది. గానుగ కిర్రుమంటున్నంత సేపే నడుస్తుంది, చప్పుడు ఆగితే పని అయిపోయిందని నిలబడుతుంది. ఇంట్లో మూడు ఎడ్లుంటే సాధువని బాపు దీన్నే ఎంచాడు. ఆయన తల పట్టుకుని నిలబడితే, అవ్వ పడుకునే “కిర్ర్... కిర్ర్...” అంది. ఎద్దు నడిచింది.

“నా మాట ఇనేది ఇంట్ల ఇదొక్కటే,” అని అవ్వ నవ్వింది. ఆమె నవ్వగా చూసి ఎన్ని నెలలైందో. దారి పొడుగునా నీళ్ళలో వేళ్ళు ఆడిస్తూ, కిర్రుమంటూ వచ్చింది.

అమ్మమ్మ ఆమె ముఖమంతా చేతులతో తడిమి, “గింత సిక్కినవా బిడ్డా,” అంది. మూడు రోజులున్నాం. నాలుగో పొద్దున అవ్వే తొందరపెట్టింది.

“తల్లిగారింట్ల పానం పోవద్దు. నన్ను మనింటికి తీస్కపో,” అంది బాపుతో.

తిరుగు దారిలో ఆమెకు కిర్రుమనే ఓపిక లేదు. ఆ పని నేను అందుకున్నాను. ఎద్దు నా మాటా వింటోందని లోపల గర్వం. ఎడపల్లి దాటాక అవ్వ నా చెయ్యి పట్టుకుంది. పెదవులు కదిలాయి, నా కిర్రులో మాట వినపడలేదు. ఎద్దు ఆగితే మళ్ళీ కదలదేమో, ఇల్లు చేరేలోపే ఏమైనా అవుతుందేమోనని నాకు భయం. కిర్రుమంటూనే తల ఊపాను. ఆమె మళ్ళీ చెప్పింది, ఈసారి చాలా సేపు. నేను ఆపలేదు. నా ముఖం కాసేపు చూసి కళ్ళు మూసుకుంది.

ఇల్లు చేరేసరికి ఆమెకు మాట పడిపోయింది. మరునాడు పోయింది.

పదో రోజు అయ్యాక బాపు అడిగాడు. “దారిల అవ్వ ఏమన్న అన్నదా బిడ్డా? నేను ముంగట నడుస్తుంటి, ఇనరాలే.”

“ఏమనలే బాపు,” అన్నాను.