ఎవరి పళ్ళెం వారిది

మనశ్శాంతి పెదబయలు దారిలోని కాఫీ గింజలు ఏరే షెడ్డుకు ఒక మంగళవారం పదకొండు గంటలకు, అద్దె బొలెరోలో, ఒక కంచు గంటతోనూ పద్నాలుగు ప్లాస్టిక్ చాపలతోనూ విచ్చేసింది. విశాఖలోని హెడ్డాఫీసు నిరుడు ఇలాగే మంటలార్పే సిలిండరు పంపింది. దాని మీద సూపర్‌వైజరు కొండబాబు తువ్వాలు ఆరేసుకుంటున్నాడు. ఈసారి వచ్చిన సర్క్యులర్‌లో ‘ఉద్యోగుల మానసిక ఆరోగ్యానికి మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణ’ అని ఉంది. కొండబాబు దాన్ని రెండుసార్లు చదివి, “మనసు క్లాసు. అందరూ బేగి రండి,” అని చాటాడు.

ఆ అందరిలో సోములమ్మ ఒకతె. పంతొమ్మిదేళ్ళుగా బల్ల దగ్గర ఆరో చోటు ఆమెది. నల్ల గింజ, విరిగిన గింజ, పురుగు తొలిచిన గింజ ఆమె వేళ్ళకు తగిలితే చాలు, పక్కకు వచ్చేసేవి. కళ్ళు గుమ్మం వైపున్నా, నోరు కబుర్లలో ఉన్నా వేళ్ళు తప్పేవి కావు. మొన్న వానల్లో ఆమె భర్త గాసి పది రోజులు దగ్గి దగ్గి, జ్వరంతో పోయాడు. పదకొండో రోజున పనిలోకి వచ్చింది. అప్పట్నుంచి నల్ల గింజలు ఆమె వేళ్ళ సందుల్లోంచి జారిపోతున్నాయి.

ఈ సంగతి కొండబాబుకు తెలీదు. తెలిసే దారీ లేదు. పక్కన కూర్చునే కనక, కబుర్లాడుతూనే, సోములమ్మ ఏరిన కుప్పలోంచి దోసెడు తన ముందుకు లాక్కుని మళ్ళీ ఏరుతుంది. సాయంత్రం అందరి గింజలూ ఒకే గంపలో పడతాయి, శాంపిలు ఆ గంపలోంచే తీస్తారు. మనసు బాగులేని మనిషి కుప్పను పక్క మనిషి లాక్కోవడం ఆ బల్ల దగ్గర ఎప్పట్నుంచో ఉంది. దానికి పేరు లేదు. పేరుంటే హెడ్డాఫీసు దానికీ ఒక ఫారం పంపి ఉండేది.

శిక్షణ ఇవ్వడానికి వచ్చిన సౌందర్య మంచి పిల్ల. ఘాట్ రోడ్డు మలుపుల్లో రెండుసార్లు వాంతి చేసుకుని కూడా నవ్వు మొహంతోనే దిగింది. గంట కొట్టి, తలా ఒక కాఫీ గింజ ఇచ్చింది.

“ఐదు నిమిషాలు దీన్నే చూడండమ్మా. మంచిది, చెడ్డది అని తీర్పు చెప్పకండి. ఊరికే గమనించండి.”

సోములమ్మ గింజను వెలుగుకేసి తిప్పింది. “తీర్పు సెప్పొద్దంటే ఏరేదెలాగమ్మా?”

“ఇది ఏరడం కాదమ్మా. చూడ్డం.”

“ఇది పుచ్చుగింజ. సూడకుండానే తెల్సిపోనాది.”

సౌందర్య ఆ గింజ మార్చి ఇంకొకటి ఇచ్చింది. అదీ పుచ్చుదే.

ఇంతటితో పోతే ఇబ్బంది లేకపోయేది. కానీ శిక్షణ ఫలించిందో లేదో హెడ్డాఫీసుకు రుజువు కావాలి. అందుకని ఆ వారమంతా పొద్దున్న రెండు గంటలు మౌనంగా పని, మనిషికీ మనిషికీ మధ్య బారెడు దూరం, ఎవరి పళ్ళెం వారిది, పళ్ళేనికో నంబరు. శుక్రవారానికి పళ్ళేలన్నీ చూసిన కొండబాబు ఆరో నంబరు దగ్గర ఆగిపోయాడు.

“ఏటి సోములమ్మా, ఏటి సేత్తన్నావు? ఇన్ని నల్లగింజలేటి?”

కొండబాబు చెడ్డవాడు కాడు, మైదానం నుంచి వచ్చిన లెక్క మనిషి. సోమవారం నుంచి ఆమెను కళ్ళంలోకి మారుస్తానన్నాడు. కళ్ళంలో ఎండన పడి రోజంతా నిలబడి గింజలు తిరగబోయాలి. సోములమ్మ మోకాళ్ళు షెడ్డు మెట్లే రెండు విడతల్లో ఎక్కుతాయి. కళ్ళం అంటే ఇంటికి పొమ్మనడమే.

సాయంత్రం రిపోర్టు కోసం మళ్ళీ వచ్చిన సౌందర్య ఆమె పక్కన కూర్చుంది. “మౌనంగా ఉన్నప్పుడు ఏమనిపించిందమ్మా?”

“మాటలుంటే ఆడు రాడు,” అంది సోములమ్మ. “మాట ఆగితే వచ్చి ఎదురుగుండా కూకుంటాడు. దగ్గుతాడు. ఆడి దగ్గు ఇంటానా, గింజ సూత్తానా?”

సౌందర్య పెన్నుకు మూత పెట్టేసింది.

అప్పుడు కనక, కొండబాబు చూస్తుండగానే, లేచింది. తన ఏడో నంబరు పళ్ళెం ఎత్తి, ఆరో నంబరులో ఒంపి, చేత్తో కలిపేసింది. “ఇప్పుడు తియ్యండి బాబూ, శాంపిలు.”

“అదేటే, నంబర్లు కలిపేసినావు?”

“నాకు ఏడో నెల్లో బిడ్డ పోయినప్పుడు ఈ ఒదిన నలభై రోజులు నా కుప్ప ఏరింది. ఆ ఏడాది మీ శాంపిల్లో ఒక్క నల్లగింజ దొరికిందా బాబూ? నంబర్లుంటే నేనూ కళ్ళంలోనే ఉందును.”

కొండబాబు సిలిండరు మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. ఆ ఏడాది నాణ్యతకు హెడ్డాఫీసు ఇచ్చిన ప్రశంసాపత్రం ఆయన వెనక గోడకు ఫ్రేము కట్టి ఉంది. ఆయన దానివైపు తిరగలేదు. “శాంపిలు గంపలోంచే తియ్యాలని రూలు,” అన్నాడు గంభీరంగా, ఆ రూలు ఇప్పుడే చదివినట్టు. “పళ్ళేలు ఎత్తీండి. సోమవారం ఎవలి సోట్లో ఆళ్ళు కూకోండి.”

బొలెరో డ్రైవరు టీకి వెళ్ళి ఇంకా రాలేదు. సౌందర్య బల్ల దగ్గర చోటడిగి కూర్చుని, దోసెడు గింజలు ముందు పోసుకుంది. చాలా శ్రద్ధగా, చాలా నెమ్మదిగా, చాలా తప్పుగా ఏరింది. కనక ఎవరి కోడలో ఎవర్నో తిట్టిన కథ ఎత్తుకుంది. కథ సగంలో సోములమ్మ చెయ్యి సాగి, సౌందర్య కుప్పలోంచి దోసెడు తన ముందుకు లాక్కుంది.

మళ్ళీ ఏరింది. ఒక నల్లగింజ ఉండిపోయింది. కోడలి కథ ఆపకుండానే కనక దాన్ని తీసేసింది.