పడవలో ఎడమవైపు కూర్చున్న పెద్దమ్మ

పోయిన నెలలో ఒక ఉదయం పంజాగుట్టలో మా ఆఫీసు లిఫ్టు కోసం నిలబడి ఉండగా సనా ఫోన్ చేసింది. పెద్దమ్మా నేనూ ఉండే ఇంటికి పై అంతస్తులో ఉంటుంది ఆ అమ్మాయి. "అక్కా, ఆంటీ ఎంత పిలిచినా లేస్తలేరు. డాడీ అంబులెన్స్‌ను పిలిచిండ్రు. జల్ది రండి" అంది. నేను మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగేసరికి వాళ్ళు పెద్దమ్మను తీసుకుని పంజాగుట్ట ఆసుపత్రికే బయల్దేరారు. నేను మళ్ళీ వెనక్కి మెట్రో ఎక్కాను. గుండె నిద్రలోనే ఆగిపోయిందని డాక్టరు చెప్పేటప్పటికి, నేను ఎటు వెళ్తున్నానో ఎటునుంచి వచ్చానో కూడా నాకు సరిగ్గా తెలియడం లేదు.

ఆ అయోమయం ఇంకా పోలేదు. దినకర్మ రోజున బంధువులొకరు, "ఆవిడ ఆదివారాలు ఎక్కడికో వెళ్ళేదట కదా?" అని అడిగారు. పడవలో కూర్చోవడానికి అన్నాను. ఆయన ఇంకేదో చెబుతానని చూశారు. నాకు తర్వాతి మాట దొరకలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. పెదనాన్న పోయాక గోదావరి వైపు నుంచి అమీర్‌పేట వచ్చి, ఒక సందులో మొదటి అంతస్తులో జాకెట్లు కుట్టేది. హాస్టల్ అమ్మాయిలూ, యూసుఫ్‌గూడ నుంచి వచ్చే ఇల్లాళ్ళూ ఆవిడ ఖాతాదార్లు. నాకు ఉద్యోగం వచ్చినప్పటి నుంచీ ఆవిడ దగ్గరే ఉన్నాను. ఎవరు ఏ గొడవతో వచ్చినా, "ముందు కూర్చో, తర్వాత చెప్పు" అనేది. కూర్చున్నాక సగం మంది చెప్పడం మర్చిపోయేవారు.

పెద్దమ్మ భారీ మనిషి. షేర్ ఆటో వస్తే, "మీరెళ్ళండి, నేనెక్కితే ఇంకెవరికీ చోటుండదు" అని నవ్వి పక్కకు జరిగేది. పెళ్ళిళ్ళలో ప్లాస్టిక్ కుర్చీని ముందు చేత్తో నొక్కి చూసుకునేది. ఫోటో అంటే నన్ను ముందుకు లాగి తను వెనక నిలబడేది. ఆ నవ్వు నిజం నవ్వో కాదో నేను ఎప్పుడూ తేల్చుకోలేదు.

సనా వాళ్ళ నాన్నకు మా మెట్ల కిందే ఆట సామాన్ల దుకాణం ఉంది. అందరూ భాయ్ అంటారు, పెద్దమ్మ మాత్రం భాయ్ గారు అనేది. రెండేళ్ళ కిందట ఆయన ఒక నల్లటి పెద్ద సంచీని భుజాన వేసుకుని పైకొచ్చాడు. పరిస్తే మంచమంత ఉంది. దాని పట్టీ ఊడింది.

"అమ్మా, జర గీ పట్టీ కుట్టిస్తరా? మస్తు గట్టిగుండాలె."

"ఏంటి భాయ్ గారూ ఇది, పరుపా?"

"పరుపు కాదమ్మా, నీళ్ళ సంచీ. పడవల పెట్టి నీళ్ళు నింపుతం."

పెద్దమ్మ చేతిలో కత్తెర కింద పెట్టింది. "పడవలోకి నీళ్ళొస్తే తోడి పారబోస్తారు గానీ, కావాలని నింపుతారా ఎవరైనా?"

భాయ్ ఓపిగ్గా చెప్పాడు. ఆయనా ఇద్దరు స్నేహితులూ కలిసి ఒక పాత మోటారు పడవ కొన్నారు. ఊరి బయట ఒక రిసార్టు చెరువులో నడుపుతారు. సనా కాళ్ళకు బోర్డు బిగించుకుని, పడవకు కట్టిన తాడు పట్టుకుని వెనకే నీళ్ళ మీద జారుతుంది. పడవ వెళ్ళిన దారిలో రెండు పక్కలా అల లేస్తుంది. ఆ అల మీదినుంచి గాల్లోకి ఎగరడమే ఆట. "పడవ హల్కగ ఉంటే నీళ్ళ మీదికెళ్ళి ఉత్తగ జారిపోతది. బరువుంటే ఎనక లోపలికి దిగుతది, నీళ్ళను తోస్తది. గప్పుడు లెహర్ పెద్దగ లేస్తది" అన్నాడు.

ఆయన వెళ్ళాక, "నీకర్థమైందా?" అని పెద్దమ్మ నన్నడిగింది. నాకు కాలేదు. బరువు ఎక్కడైనా కావలసిన వస్తువని ఆవిడ నమ్మలేకపోయింది. చూసి తీరాలంది. ఆ ఆదివారం భాయ్ కారులో ఇద్దరం వెళ్ళాం.

చెరువు నీళ్ళను చిన్న పంపుతో తోడి, పడవ వెనక భాగంలో కుడివైపు ఒక సంచీ, ఎడమవైపు ఒక సంచీ నింపారు. పెద్దమ్మ కుట్టిన పట్టీ గట్టిగానే ఉంది. కానీ అదే సంచీ ఇంకోచోట అతుకు విడిపోయి పడవంతా నీళ్ళయింది. కుడి సంచీ ఒక్కటే మిగిలేసరికి పడవ అటు ఒరిగింది. సనా లేచిన ప్రతిసారీ పడిపోయింది. "ఎడమ దిక్కు లెహర్ మొత్తం నురుగైతుంది డాడీ" అంది. తను పాల్గొనబోయే పోటీ దగ్గర పడిందని ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు.

నన్ను ఎడమవైపు కూర్చోమన్నారు. కూర్చున్నాను. ఏమీ మారలేదు. స్టీరింగ్ దగ్గరున్న స్నేహితుడు ఒడ్డున నిలబడ్డ పెద్దమ్మ వైపు ఒకసారి చూసి చటుక్కున ముఖం తిప్పుకున్నాడు. భాయ్ తన చెప్పుల వైపు చూసుకుంటూ ఉండిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. పెద్దమ్మ కూడా అంతా చూసింది.

"భాయ్ గారూ, నేనక్కడ కూర్చుంటే సరిపోతుందేమో చూడండి" అంది.

"వద్దమ్మా, మీరు పెద్దోళ్ళు. మిమ్మల్ని గట్ల ఎట్ల కూసోబెడ్త?"

"బరువు కావాలన్నారు కదా. నా దగ్గరుంది."

చెరో చెయ్యీ పట్టుకుని ఎక్కించారు. పడవ కిందికి దిగింది. "మునగదు కదా?" అని అడిగింది. "మీరెక్కినంకనే సీదా అయింది అమ్మా" అన్నాడు భాయ్. పడవ కదిలాక వెనక లేచిన అల నాకింకా గుర్తుంది. నురుగు లేదు. ఇస్త్రీ చేసిన పట్టుచీర మడతలా నున్నగా, నిటారుగా ఉంది. సనా దాని మీదికి వచ్చి, ఎగిరి, అవతలి అల మీద దిగింది. పెద్దమ్మ కమ్మీ పట్టుకుని వెనక్కి తిరిగి కూర్చుని, రెప్ప వేయకుండా ఆ పిల్లనే చూసింది.

సాయంత్రం భాయ్ కారులోనే తిరిగి బయల్దేరాం. పంజాగుట్ట దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు, "అంత పెద్ద అల నా వల్లే వచ్చిందంటావా?" అంది నెమ్మదిగా.

"సగం నీ వల్ల, సగం సంచీ వల్ల."

"సగమైనా పర్లేదు" అంది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం వెళ్ళేది. లైఫ్ జాకెట్ బెల్టులు చాలకపోతే తనే పొడుగు కుట్టుకుంది. సంగతి తెలిసి మా అమ్మ యూసుఫ్‌గూడ నుంచి కోపంగా వచ్చింది. "నువ్వేమన్నా ఇసుక బస్తావా అక్కా? వాళ్ళకి కావలసింది నువ్వా, నీ బరువా?" పెద్దమ్మ హుక్కు కుడుతూ తలెత్తకుండానే అంది, "ఆ రెండూ విడదీసి ఎలా తీసుకెళ్తారే?"

కొన్నాళ్ళకు భాయ్ కొత్త సంచీ తెప్పించాడు. ఆ ఆదివారం పెద్దమ్మ కిందికి దిగలేదు. సనా పైకొచ్చింది. "కొత్తది వచ్చింది కదా, ఇంక నేనెందుకమ్మా?" అంటే, "ఎదురుంగ మీరు కనబడకుంటే నాకు ఎగరబుద్ధి కాదు ఆంటీ" అంది. పెద్దమ్మ లైఫ్ జాకెట్ తీసుకుని వెళ్ళింది. ఎడమ సంచీని సగమే నింపి, మిగిలిన సగానికి ఆవిణ్ణి కూర్చోబెట్టేవారు.

నేను తేల్చుకోలేకపోతున్నది దీని తర్వాతి సంగతి. పోయిన ఏడాది డాక్టరు, గుండెకు మంచిది కాదు, బరువు తగ్గాలన్నాడు. పెద్దమ్మ రాత్రి అన్నం మానేసింది. సాయంత్రాలు బల్కంపేట ఎల్లమ్మ గుడిదాకా నడిచి వచ్చేది. కొంచెం తగ్గింది కూడా. ఒక ఆదివారం సనాను అడిగింది, "నేను తగ్గాను కదా, అల తగ్గిందా?"

"లేదు ఆంటీ. సంచీల నీళ్ళు జర ఎక్కువ పోస్తున్నం. మీరు ఫికర్ చెయ్యకుండ తగ్గుండ్రి."

ఆ వారం నుంచే మళ్ళీ రాత్రి అన్నం మొదలుపెట్టింది. ఎందుకని అడిగితే, "ఆకలేస్తోందమ్మా" అంది. అది ఆకలేనా? తన చోటు నీళ్ళతో నిండిపోతుందని భయపడిందా? ఆ పడవ ఆవిడకు రెండేళ్ళు ఇచ్చిందా, ఇంకెన్నో ఏళ్ళు తీసేసుకుందా? భాయ్ కూడా మెట్ల మీద నన్ను ఆపి ఇదే అడిగాడు. "మేం తీస్కపోకపోతే ఆమె ఇంకా ఉంటుండెనా బేటా?" ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తెలియదు భాయ్ అన్నాను. కాదని చెప్పి ఉంటే ఆయనకు నిద్ర పట్టేదేమో. కానీ నాకు నిజంగా తెలియదు. తెలిసిందల్లా ఒక్కటే. ఆదివారం సాయంత్రాలు ఇంటికొచ్చాక పెద్దమ్మ అద్దం ముందు నిలబడి, ఎండకు కమిలిన ముఖాన్ని చాలాసేపు ఇష్టంగా చూసుకునేది. అంతకు ముందు ఆవిడ అద్దం ముందు నిలబడగా నేను చూడలేదు.

పోయిన ఆదివారం వాళ్ళతో నేనూ వెళ్ళాను. పెద్దమ్మ పోయాక సనా అప్పటిదాకా బోర్డు ముట్టలేదు. రెండు సంచీలూ నిండుగా నింపారు. నేను ఎడమవైపు, వెనక్కి తిరిగి కూర్చున్నాను. అల బాగానే లేచింది. సనా చాలాసేపు ఇటూ అటూ జారిందే గానీ ఎగరలేదు. చివరి చుట్టులో ఎగిరింది, పడింది. నీళ్ళలోంచి పైకి వచ్చి, జుట్టు వెనక్కి తోసుకుని, నన్ను చూసి తల ఊపింది.

ఒడ్డుకు వచ్చాక భాయ్ పంపును నీళ్ళు బయటికి తోడేలా తిప్పి పెట్టాడు. సంచీల్లో నీళ్ళు గొట్టంలోంచి సన్నటి ధారగా చెరువులోకి పడసాగాయి. సంచీలు మెల్లగా ముడతలు పడుతుంటే, పడవ కొంచెం కొంచెంగా పైకి తేలుతూ వచ్చింది. అప్పటిదాకా నీళ్ళ కింద ఉన్న దాని అంచు జానెడు మేర బయటపడి, తడిగా, ఎండలో మెరుస్తూ ఆరుతోంది. ధార ఆగిపోయేదాకా ముగ్గురం అక్కడే నిలబడ్డాం.