దొర దాహం

మా ఇంట్లో కంచాల ముందు కూర్చున్నాక ఎవరూ వంట గురించి మాట్లాడరు. తాతయ్య పెట్టిన నియమం ఇది. "కంచం ముందు నోరున్నది తినడానికే" అనేవాడట. కూరలో ఉప్పెక్కువైందనకూడదు, తక్కువైందనకూడదు. చివరికి బాగుందని కూడా అనకూడదు. ఇవాళ బాగుందంటే నిన్న బాగాలేదనేగా అర్థం. వండిన చేతిని ఒక మాట అంటే ఆ చెయ్యి మళ్ళీ మనసుపెట్టి వండదని ఆయన నమ్మకం. ఆయన పోయి ఇరవై ఏళ్ళయినా నియమం మాత్రం ఇంట్లో కాలు మీద కాలేసుకుని కూర్చుంది. అలాగని మేమేదో పెద్ద మర్యాదస్తులమని కాదు. స్నానాల గదిలోకి ఎవరు ముందు వెళ్ళాలని తిట్టుకుంటాం, ఫ్యాను కింద చోటు కోసం అలుగుతాం. కంచాలు పెట్టగానే మాత్రం అందరి నోళ్ళకూ తాళాలు పడతాయి.

ఈ నియమం వల్ల అందరికంటే ఎక్కువ నష్టపోయింది మా పెద్దమ్మ. అమ్మకి అక్క. బస్సు డిపో క్యాంటీనులో ముప్పై నాలుగేళ్ళు వండింది. రోజుకు రెండొందల మంది డ్రైవర్లు, కండక్టర్లు, మెకానిక్కులు. అక్కడ మాటలకు కరువుండేది కాదు. పప్పు కుదిరితే కుదిరిందనేవాళ్ళు, మాడితే ఇవాళ అక్కకి ఎవరిమీదో కోపం వచ్చిందనేవాళ్ళు. తర్వాత మా ఇంటికొచ్చి ఉండిపోయి అదే చేత్తో వండిపెడితే మేం తలలు దించుకుని తిని లేచిపోయేవాళ్ళం. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, రెండొందల మందికి వండి వచ్చి రెండొందల ఒకటోవాడికి కూడా వండమంటావా అనేది.

ఉద్యోగం దిగిపోయిన రోజు క్యాంటీను నుంచి ఆవిడ తెచ్చుకున్నవి రెండే. ఒకటి మూరెడు పొడుగు గరిట, రెండోది దొర. దొర అంటే కుక్క. ఆగి ఉన్న బస్సు కింద పుట్టిన కుక్క. పళ్ళెం పెట్టగానే మీద పడకుండా, కాసేపు దాన్ని పరిశీలించి, ఎవరో బతిమాలుతున్నట్టు నిదానంగా మొదలుపెట్టేవాడు. ఆ వైభోగం చూసి డ్రైవర్లు పెట్టిన పేరది. దర్జీ షాపు పైనున్న మా మూడు గదుల ఇంట్లో అప్పటికే నలుగురం. అమ్మ, నాన్న, భార్య పోయాక మా దగ్గరే ఉండిపోయిన మావయ్య, నేను. పెద్దమ్మ రావడంతోనే వంటిల్లు ఆవిడదైపోయింది. దొరకి వంటింటి గడప దగ్గర గోనెపట్టా, పక్కనే నీళ్ళగిన్నె. పదేళ్ళు అలా గడిచిపోయాయి.

పోయినేడు వానాకాలంలో పెద్దమ్మకి వారం రోజులు జ్వరం వచ్చింది. జ్వరం పోయింది గానీ, పోతూపోతూ ఆవిడ నాలుకనీ ముక్కునీ కూడా వెంటబెట్టుకుపోయింది. ఆవిడ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. నాకు తెలిసింది కూడా ఒకరోజు తాళంచెవులు మర్చిపోయి ఇంటికి తిరిగి రావడం వల్లే. వంటింట్లో పెద్దమ్మ నేలమీద కూర్చుని ఉంది. ఎదురుగా దొర. వాడి పళ్ళెంలో చల్లార్చిన కూర, రెండు ముక్కలు. పరీక్ష రాసి మార్కుల కోసం చూస్తున్నది ఎవరో, వేసేది ఎవరో ఆ ముఖాలు చూస్తే తెలిసిపోతుంది. దొర తిన్నాడు, మూతి నాక్కున్నాడు, వెళ్ళి పట్టా మీద పడుకున్నాడు. పెద్దమ్మ హమ్మయ్య అనుకుని తలెత్తితే గుమ్మంలో నేను.

దాచే దారిలేక చెప్పింది. నోట్లో ఏం పెట్టుకున్నా తడి కాగితం నమిలినట్టే ఉంటోందట. చెయ్యి ఇంకా రెండొందల మంది కొలతలోనే ఉంది, ఐదుగురికి ఎంత వెయ్యాలో ఇన్నాళ్ళూ నాలుకే సరిదిద్దేది. అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అందట ఉప్పు. వేసి చూడ్డానికే ఇప్పుడు ఆవిడ దగ్గర ఏమీ లేదు. అందుకని దొరను పెట్టుకుంది. ఒకరోజు కావాలని వాడి ముక్కకి ఉప్పు ఎక్కువేసి చూసిందట. తినగానే నీళ్ళగిన్నె దగ్గరికి పరిగెత్తాడు. సరిగ్గా వేసిన రోజు నీళ్ళవైపు చూడలేదు. లెక్క దొరికింది. దొర నీళ్ళు తాగితే ఉప్పెక్కువ, పడుకుంటే సరిపోయినట్టు.

"మీ అమ్మకి చెప్పకే" అంది పెద్దమ్మ. "చెయ్యి పోయిందని తెలిస్తే ఈ ఇంట్లో నేను దేనికి?"

నువ్వు వండకపోతే మాత్రం ఎవరు పొమ్మంటారు అని ఆ క్షణంలోనే అనాల్సింది. అనలేదు. చెప్పనని మాటిచ్చాను. నిజం చెప్పొద్దూ, నాకది తమాషాగా కూడా అనిపించింది. ఇంటిల్లిపాదీ నోరు కట్టుకుని తినే కొంపలో, కూరకి మార్కులేసే ధైర్యం కుక్కకి ఉందని లోపల్లోపల నవ్వుకున్నాను.

నాలుగైదు నెలలు ఆ ఏర్పాటు బాగానే నడిచింది. చలికాలం వెనకబట్టే వేళకి కూరలు చప్పబడ్డాయి. మొదట కాస్త, తర్వాత ఇంకాస్త. ఓ ఆదివారం పప్పు నోట్లో పెట్టుకుంటే వేణ్ణీళ్ళు తాగినట్టుంది. తలెత్తి చూశాను. మావయ్య గోడవైపు చూస్తూ నములుతున్నాడు. నాన్న గబగబా మింగుతున్నాడు. అమ్మ మొహం మామూలుగా ఉంది, మరీ మామూలుగా ఉంది. ఎవరం ఏమీ అనలేదు.

ఏం జరుగుతోందో పెద్దమ్మ నాకు పూస గుచ్చినట్టు చెప్పేది, వినేదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి. దొర ముక్క తినగానే నీళ్ళగిన్నె దగ్గరికి పోతున్నాడట. ఉప్పు తగ్గించింది. అయినా పోతున్నాడు. ఇంకా తగ్గించింది. గిన్నె ఖాళీ చేసి మళ్ళీ తన మొహం చూస్తున్నాడట. ఈ పొట్లం ఉప్పే మరీ ఘాటుదని షాపు మార్చింది. చివరికి వేళ్ళ మధ్య నాలుగు రవ్వలు మాత్రం పట్టుకుని, అవి వెయ్యడానికి కూడా భయపడుతూ పొయ్యి ముందు నిలబడేది. నేను దొర ముసలాడైపోయాడు, వాడికీ నాలుక పోయినట్టుందని అనుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదు. కళ్ళద్దాల షాపులో రోజంతా జనం కళ్ళముందు అద్దాలు మారుస్తూ ఇప్పుడు కనిపిస్తోందా, ఇప్పుడో అని అడగడం నా ఉద్యోగం.

ఈలోగా ఇంట్లో ఎవరి జాగ్రత్త వాళ్ళు చూసుకున్నారు. అమ్మ నేనిచ్చిన కళ్ళజోడు డబ్బాలో ఉప్పు పోసి పెట్టుకుంది. నాన్న మాత్రల డబ్బాలో ఒక అర ఖాళీ చేశాడు. మావయ్యది అగ్గిపెట్టె. నాది కాగితం పొట్లం. పెద్దమ్మ నీళ్ళకో రొట్టెకో వంటింట్లోకి వెళ్ళిన క్షణంలో నాలుగు చేతులు జేబుల్లోకి పోయి వచ్చేవి. ఒకరినొకరం చూసుకునేవాళ్ళం కాదు. దొంగలకైనా పంపకాల దగ్గర మాటలుంటాయి, మాకు అవీ లేవు. తాతయ్య నియమాన్ని మేం అంత చక్కగా పాటిస్తున్నందుకు నాకు ఒక్కోసారి గర్వంగా కూడా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

తాతయ్య పెట్టిన రెండో నియమం ప్రయాణం. ఏడాదికోసారి, ఎండలు తగ్గుముఖం పట్టాక, ఆయన మొదట కూలిపని చేసిన రేవు ఊరికి ఇంటిల్లిపాదీ రైల్లో వెళ్ళాలి. మూడు గంటల దారి. సముద్రం చూసి సాయంత్రం రైలుకి తిరిగొచ్చెయ్యాలి. దారిలో ఏదీ కొనకూడదు, ఇంట్లో వండే చెయ్యి వండిందే తినాలి. ఎదురు సీట్లో ఎవరుంటే వాళ్ళకి మొదటి వాటా పెట్టాలి. ఆకలితో ప్రయాణం చేస్తున్న తాతయ్యకి ఎవరో అలా పెట్టారట, అందుకు.

ఈసారి పెద్దమ్మ తెల్లవారకుండానే లేచి క్యారియర్ నింపింది. అన్నం, బంగాళాదుంప కూర, ఉడకబెట్టిన గుడ్లు. దొరను కింద దర్జీకి అప్పగించాం. నాలుగు రోజులుగా వాడు తిండి సరిగా ముట్టడంలేదని, కూరలో ఇంకా ఏదో తేడా ఉందని పెద్దమ్మ రైలెక్కేదాకా నాతో గొణుగుతూనే ఉంది.

ఎదురు సీట్లో డ్యూటీకి వెళ్తున్న నర్సు కూర్చుంది. తెల్ల బట్టలు, చేతికి పెద్ద గడియారం. నది వంతెన దాటాక పెద్దమ్మ క్యారియర్ విప్పి మొదటి వాటా ఆవిడకే పెట్టింది. మొహమాటపడి తీసుకుంది. ఒక ముద్ద తింది. పాపం, ఆవిడకి మా తాతయ్య ఎవరో తెలియదు.

"ఉప్పు వెయ్యడం మర్చిపోయినట్టున్నారండీ" అంది నవ్వుతూ. "పర్లేదు, పొద్దున్నే హడావిడి కదా."

పెద్దమ్మ ఏదో అనబోయింది. అంతలో టక్కుమని శబ్దం. అమ్మ కళ్ళజోడు డబ్బా తెరిచి నర్సు ముందు పట్టుకుంది. ఎదుటి మనిషి ఇబ్బంది పడుతోందనే తప్ప అమ్మకి ఆ క్షణంలో ఇంకేమీ తోచలేదు, చెయ్యి దానంతటదే పోయింది. డబ్బా నిండా ఉప్పు. పెద్దమ్మ ఆ డబ్బా చూసింది. తర్వాత మాత్రల డబ్బా మీదున్న నాన్న చేతిని చూసింది, సగం బయటికొచ్చిన అగ్గిపెట్టెని చూసింది. ఆఖరికి నన్ను చూసింది. నా పొట్లం ఇంకా పిడికిట్లోనే ఉంది.

కోప్పడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. ఆవిడ బుర్ర వేరే చోట ఉంది.

"మరైతే దొర నీళ్ళెందుకు తాగుతున్నాడు?" అంది.

జవాబు నర్సే చెప్పింది, ఎవరి గురించో సరిగా తెలియకుండానే. ఎన్నాళ్ళుగా తాగుతున్నాడు, వయసెంత, చిక్కిపోయాడా అని వరసగా అడిగి, అంత దాహం జబ్బుకి గుర్తు కావచ్చు, ఆలస్యం చెయ్యకుండా చూపించండంది. రేవు ఊళ్ళో మేం సముద్రం వైపు తిరిగి కూర్చుంటే ఆవిడ స్టేషను గడియారం వైపు తిరిగి కూర్చుంది. తెచ్చిన అన్నం తెచ్చినట్టే వెనక్కొచ్చింది.

దర్జీ గుమ్మంలోనే ఎదురయ్యాడు. రొట్టె పెడితే ముట్టలేదని, నీళ్ళు మాత్రం ఐదుసార్లు పోశానని చెప్పాడు. మర్నాడు పొద్దున్నే కుక్కల డాక్టరు దగ్గరికి నేనూ పెద్దమ్మా ఆటోలో తీసుకెళ్ళాం. దొరను ఆవిడ ఒళ్ళో పెట్టుకుంది. పదేళ్ళ కిందట మోయలేకపోయిన కుక్క, ఇప్పుడు ఒళ్ళో ఇట్టే ఇమిడిపోయాడు. మూత్రపిండాలు పాడైపోయాయని డాక్టరమ్మ చెప్పింది. మీ ఉప్పు వల్ల కాదు, ముసలి కుక్కలకి వచ్చేదే, నీళ్ళు ఎక్కువ తాగడమే దీనికి మొదటి గుర్తు, అప్పుడే తెచ్చి ఉంటే మందులతో ఇంకో రెండేళ్ళు లాక్కొచ్చేవాళ్ళం అంది. పెద్దమ్మ ఒక్కటే అడిగింది, వాడికి నొప్పిగా ఉందా అని. ఉందని చెప్పింది డాక్టరమ్మ.

పదకొండు రోజులు బతికాడు. ఆ పదకొండు రోజులూ పెద్దమ్మ వంటింటి గడప దగ్గరే కూర్చుంది. గిన్నె ఖాళీ అవుతుంటే నింపింది. ఆఖరి రెండు రోజులు గిన్నె అలాగే నిండుగా ఉండిపోయింది.

దొరను డిపో వెనక పాతిపెట్టి వచ్చిన రోజు సాయంత్రం నన్ను పిలిచింది. గొంతులో కోపం లేదు, అందుకే నాకు భయం వేసింది.

"కూర చప్పగా ఉందని నీకు ఎప్పట్నించి తెలుసు?"

"ఏడు నెలల్నించి."

"వాడు నీళ్ళు తాగుతున్నాడని కూడా నీకు చెప్పాను కదే."

తల ఊపాను.

"ఉప్పు లేదు పెద్దమ్మా అని ఒక్క మాట అంటే, నేను కూరని వదిలేసి వాణ్ణి చూసుకునేదాన్ని."

నువ్వే చెప్పొద్దన్నావు కదా అనొచ్చు. కానీ ఆవిడ చెప్పొద్దన్నది అమ్మకి. తనకి చెప్పొద్దని ఏనాడూ అనలేదు.

పెద్దమ్మ నాలుక సంగతీ, దొర నీళ్ళ లెక్కా ఇప్పుడు ఇంట్లో అందరికీ తెలుసు. వంటిల్లు అమ్మది. పెద్దమ్మ గరిట మేకుకి వేలాడుతోంది. ఆవిడ అందరితో పాటు కంచం ముందు కూర్చుంటుంది, తడి కాగితమే నాలుగు ముద్దలు మింగి లేస్తుంది. అమ్మకి వంట అలవాటు తప్పిపోయి చాలా ఏళ్ళయింది. నిన్న పప్పులో ఉప్పు రెండుసార్లు వేసేసింది. మేం తలలు దించుకుని తింటున్నాం. ఉన్నట్టుండి పెద్దమ్మ, మా ఇంటి చరిత్రలో ఎవరూ అడగని మాట అడిగింది.

"ఉప్పు సరిపోయిందా?"

ముందు మావయ్య సరిపోయిందన్నాడు. నాన్న సరిపోయిందన్నాడు. నేను కూడా సరిపోయింది పెద్దమ్మా అన్నాను. ఆవిడ మా మొహాలు చూడటంలేదు. బల్ల మధ్యలో ఉన్న నీళ్ళజగ్గు వైపు చూస్తోంది. నాకు గొంతు మండిపోతోంది. ఆవిడ తిని, చెయ్యి కడుక్కుని, గదిలోకి వెళ్ళేదాకా మా నలుగురిలో ఒక్కరం కూడా నీళ్ళు ముట్టుకోలేదు.